మద్దెల ఓడు కాదు, గదే ఓడు

నా దగ్గర ఒక పాట ఉంది. మొదటి నిమిషమంతా బాస్ గిటారు ఒక్కటే నడుస్తుంది. వాయించే మనిషి మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్వరమే దిగుతూ వచ్చి, చివర్లో అన్నిటికన్నా లావు తీగని మీటి అలా వదిలేస్తాడు. ఆ తీగ మోగినప్పుడల్లా మా హాల్లో బీరువా అద్దం గలగలలాడేది, సోఫా కింద నేల కదిలినట్టుండేది. అబ్బో బాగుంది కదా అనుకుంటారేమో, బాగాలేదు. ఎందుకంటే దానికి ముందు దిగిన మెట్లలో రెండు నాకు వినపడేవే కావు. ఉన్నట్టుండి రెండు మెట్లు మాయం, ఆ తర్వాత మనిషి దబ్బున కింద పడ్డ చప్పుడు. ప్రతిసారీ అంతే.

దీనికి నేను చేసిన మొదటి పని ఆంప్లిఫయర్ మార్చడం. రెండో పని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, స్పీకర్ వైర్లు మార్చడం. మూడో పని స్పీకర్లే మార్చేద్దామని అమ్మే ఆయనతో మాట్లాడటం. ఆయన "ఈ స్పీకర్లకి బాస్ మీద కంట్రోల్ ఉండదు సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మీ గది పొడుగెంత, మీరు కూర్చునేదెక్కడ అని ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి, అది చెప్పాల్సిన విషయమని నాకు మాత్రం తెలిస్తే గదా.

ఒక రోజు అదే పాట పెట్టుకుని కూర్చున్నాను, మధ్యలో ఎవరో బెల్లు కొట్టారు. లేచి తలుపు దాకా వెళ్లాను. మా హాలుకి తలుపు పొడుగాటి గోడకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. గొళ్లెం మీద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాను. మెట్లన్నీ వినపడుతున్నాయి! ఒక్కటి కూడా తప్పిపోలేదు. చివరి లావు తీగ కాస్త బక్కచిక్కినట్టుంది గానీ ఎవరూ దబ్బున పడటం లేదు. అవే స్పీకర్లు, అవే వైర్లు, మారింది నేను నిలబడ్డ చోటొక్కటే. బెల్లు కొట్టినాయన రెండోసారి కొట్టేదాకా నేను తలుపు తియ్యలేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఇంట్లో ఆటా బాగానే ఉంది, మద్దెలా బాగానే ఉంది. ఓడు గదిది.

అందుకే నేను ఎవరితోనైనా వాదించేది ఇదే: కొత్త పెట్టెలు కొనే ముందు, గోడలకి ఏదైనా అంటించే ముందు, స్పీకర్లనీ సోఫానీ జరపండి. జరపడం పూర్తిగా అయిపోయాక ఇంకా ఏం మిగిలిందో చూసి, అప్పుడు గోడల జోలికి వెళ్లండి. వెళ్లినప్పుడు కూడా పల్చటి ఫోమ్ ముక్కలతో వెళ్లకండి. ఈ వరస తలకిందులు చేసి నేను దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

లెక్క పెద్ద కష్టమేం కాదు. మామూలు వాతావరణంలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మా హాలు పొడుగు 4.2 మీటర్లు. ఒక గోడ నుంచి ఎదుటి గోడకి వెళ్లి తిరిగి రావాలంటే 8.4 మీటర్లు. 343ని 8.4తో భాగిస్తే దాదాపు 41 వస్తుంది. అంటే 41 హెర్ట్జ్ దగ్గర, సెకనుకి 41 సార్లు ఊగే స్వరం దగ్గర, వెళ్లే అల, తిరిగొచ్చే అల ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుని గదంతా నిలబడిపోతాయి. ఫిజిక్సులో స్థిర తరంగాలని చదువుకున్నాం కదా, పరీక్ష అయ్యాక మర్చిపోయాం కదా, అవే ఇవి. ఇప్పుడు అసలు విషయం: నాలుగు తీగల బాస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ శ్రుతి ఎంతో తెలుసా, 41.2 హెర్ట్జ్. మా హాలు ఆ తీగకి శ్రుతి చేసి కట్టినట్టుంది!

ఈ నిలబడ్డ అలలో ఒత్తిడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. రెండు చివర్లా, అంటే గోడల దగ్గర, నిండుగా ఉంటుంది. పొడుగులో సరిగ్గా మధ్యన దాదాపు సున్నా. మా సోఫా ఎక్కడుందంటారా? వెనక గోడని ఆనుకుని, నా తల గోడకి జానెడు దూరంలో. 41 మాత్రమే కాదు, దానికి రెట్టింపు 82, మూడింతలు 123, ఇలా పొడుగు వరసలో పుట్టే ప్రతి అలా ఆ గోడ దగ్గరే గరిష్ఠంగా ఉంటుంది. పోనీ సోఫాని నట్టనడుమ పెడదామంటే అక్కడ 41 మాయమై 82 ఉబ్బుతుంది. పొడుగులో పావు వంతు దగ్గర కూర్చుంటే 82 మాయం. ఇది చాలదన్నట్టు వెడల్పు 3.4 మీటర్లది ఇంకో వరస, 50 హెర్ట్జ్ నుంచి. ఎత్తు 3 మీటర్లది మరో వరస, 57 నుంచి. ఇవన్నీ కలిసి కింది స్వరాల్లో కొన్నింటికి పట్టం కడతాయి, కొన్నింటిని తొక్కేస్తాయి.

పైకి వెళ్లేకొద్దీ ఈ అలలు ఎంత దగ్గర దగ్గరగా కిక్కిరిసిపోతాయంటే, విడివిడిగా ఏదీ పెత్తనం చెయ్యలేదు. ఈ రెండు రాజ్యాల మధ్య సరిహద్దు ఎక్కడుంటుందో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అనే జర్మన్ ఫిజిక్సు శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మాలాంటి ఇంటి గదుల్లో అది సుమారు 200 హెర్ట్జ్ అటూ ఇటూ పడుతుంది. దానికి కింద వినపడేదాంట్లో స్పీకర్ వాటా తక్కువ, గది వాటా ఎక్కువ. ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చి అక్కడే పెట్టి, మీరూ ఇక్కడే కూర్చుంటే అదే 41 అలాగే ఉబ్బుతుంది. ఇంకా చెప్పాలంటే, కొత్తది పాతదానికన్నా కిందికి దిగగలదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉబ్బుతుంది. స్పీకర్లు మార్చాక ఇంట్లో ఇదివరకటి కన్నా గోల పెరిగిందని వాపోయేవాళ్ల కథ చాలావరకు ఇదే.

ఇదంతా తెలియక ముందు నేను ఫోమ్ కొన్నాను. నల్లగా, పిరమిడ్ల ఆకారంలో, అంగుళం మందం. పాటలు రికార్డు చేసే గదుల ఫొటోల్లో అలాంటివి చూసి చూసి, గోడకి అంటిస్తే చాలు ఇల్లు స్టూడియో అయిపోతుందనుకున్నాను. వారాంతమంతా కూర్చుని రెండు పక్క గోడలూ వెనక గోడా నింపేశాను. సోమవారం పాట పెడితే... ఎలా చెప్పాలి, ఆ పాడుతున్నామె నోటికి శాలువా అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుంది. తాళాల మెరుపు పోయింది. తంబురా ఉందని తెలుస్తోంది గానీ ఆ జుమ్మనడం లేదు. బాస్ మాత్రం? శుభ్రంగా ఉంది, ఒక్క వెంట్రుకవాసి తగ్గలేదు. పైనున్నదంతా పోయింది కాబట్టి ఇదివరకటి కన్నా ఎక్కువ ఉబ్బినట్టు వినపడుతోంది కూడా. రోగం ఒకటి, మందు ఒకటి.

ఎందుకిలా అయిందో తెలుసుకుంటే గోడల గురించి సగం సంగతి అర్థమైనట్టే. ఫోమ్ గానీ రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) గానీ శబ్దాన్ని పీల్చేది రాపిడి వల్ల. గాలి దాని సందుల్లో అటూ ఇటూ కదలాలి, ఆ కదలికలో శక్తి వేడిగా మారిపోవాలి. కానీ గోడని ఆనుకున్న చోట గాలి కదలదు, గోడ కదలనివ్వదు. అక్కడ ఒత్తిడే ఉంటుంది. గాలి అన్నిటికన్నా జోరుగా కదిలేది గోడ నుంచి తరంగం పొడుగులో పావు వంతు దూరాన. అంగుళం అంటే 2.5 సెంటీమీటర్లు, అది పావు వంతు కావాలంటే తరంగం 10 సెంటీమీటర్లుండాలి, అంటే 3,400 హెర్ట్జ్ పైమాట. దానికి కిందా కొంతవరకు పని చేస్తుంది, కానీ వెయ్యి దాటి కిందికి దిగాక ఆ ఫోమ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మరి నా 41 హెర్ట్జ్ తరంగంలో పావు వంతెంత? రెండు మీటర్ల పైనే. ఆ మందాన ఫోమ్ పెడితే నేను ఇంటి బయట కూర్చుని వినాలి.

గుడ్ల అట్టలు అంటించేవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఇదే ఫోమ్‌ని సౌండ్‌ప్రూఫ్ అని అమ్మడం ఇంకో పెద్ద అబద్ధం. గది లోపల శబ్దాన్ని తీర్చిదిద్దడం వేరు, ఆ శబ్దం పక్కింటికి వెళ్లకుండా ఆపడం వేరు. రెండోదానికి బరువు కావాలి, సందులు లేకుండా మూసెయ్యడం కావాలి. గాలి దూరే మెత్తటి వస్తువు ఏదీ ఆ పని చెయ్యదు.

సరే, జరపడం.

నేను మొదట సోఫా జరిపాను. గది పొడుగులో 38 శాతం దగ్గర కూర్చోమని ఒక పాత చిట్కా ఉంది, అది మరీ గుడ్డిది కాదు. అక్కడ మొదటి మూడు అలల్లో ఏదీ పూర్తిగా సున్నా కాదు. దాన్ని ముందు గోడ నుంచి కొలవమంటారు, కానీ మా హాల్లో అలా కూర్చుంటే స్పీకర్లు ఒళ్లో ఉంటాయి, అందుకని వెనక గోడ నుంచి కొలిచాను. మీటరున్నర పైచిలుకు. మా ఆవిడ ఒక్కటే అడిగింది, "సోఫా నడి హాల్లో పెడితే మనుషులు నడిచేదెక్కడ?" న్యాయమైన ప్రశ్న. సోఫా కాళ్ల కింద మందపాటి ఫెల్ట్ బిళ్లలు అంటించాం, ఒక్క చేత్తో తోస్తే జరుగుతుంది. వినేటప్పుడు ముందుకి, మిగతా వేళల్లో గోడకి. ఇప్పటికీ అదే ఒప్పందం. శ్రుతి పెట్టె తిప్పినట్టు సోఫాని ఐదేసి సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ లాగుతూ ఆ బాస్ గిటారు మెట్లే మళ్లీ మళ్లీ వింటూ, చివరికి నా చెవులు వెనక గోడకి 1.35 మీటర్ల దూరంలో స్థిరపడ్డాయి. 38 శాతం కాదు, 32. చిట్కా ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, ఎక్కడ ఆగాలో మీ చెవి చెప్పాలి.

వెనక గోడ దూరమైతే ఇంకో లాభం. ఇదివరకు తల వెనక 20 సెంటీమీటర్లలో గోడ ఉండేది. ముందు నుంచి వచ్చిన శబ్దం చెవిని దాటి గోడకి తగిలి ఒక మిల్లీసెకను పైచిలుకులో వెనక్కొచ్చి, కొన్ని ఫ్రీక్వెన్సీలని కొట్టేసేది. 430 హెర్ట్జ్ దగ్గర మొదటి గుంట పడుతుంది, అది సరిగ్గా మనుషుల గొంతులుండే చోటు. ఇప్పుడు ఆ తిరుగు శబ్దం 8 మిల్లీసెకన్లు ఆలస్యంగా, కాస్త నీరసించి వస్తుంది.

తర్వాత స్పీకర్లు. ఇక్కడ చాలామంది చేసే తప్పే నేనూ చేశాను. గోడకి ఆనిస్తే బాస్ ఎక్కువవుతుంది, కాబట్టి కొంచెం ముందుకి జరిపితే చాలనుకున్నాను. స్పీకర్ ముందు భాగానికీ స్పీకర్ వెనకున్న గోడకీ మధ్య 60 సెంటీమీటర్లు ఉంచాను. బాస్ ఎప్పుడూ పెట్టె ముందు నుంచే రాదు, అన్ని వైపులకీ పాకుతుంది. వెనక్కి పాకిన భాగం గోడకి తగిలి తిరిగొచ్చేసరికి, దూరం తరంగంలో సరిగ్గా పావు వంతు అయితే, వెళ్లిరావడం సగం అవుతుంది, ముందుకి వెళ్తున్నదానికి ఎదురు తిరిగి దాన్ని కొట్టేస్తుంది. 60 సెంటీమీటర్లకి అది 143 హెర్ట్జ్. మగ గొంతులో గుండె ఉండే చోటు. వార్తలు చదివే మనిషి జలుబు చేసి సన్నబడ్డట్టు వినపడితే, ముందు టేపు తీసుకుని ఈ దూరం కొలవండి.

దీనికి నా అభిప్రాయం మొండిది: అయితే బాగా ముందుకి లాగండి, లేదా పూర్తిగా గోడకి అంటించండి, మధ్యలో నానబెట్టకండి. ముందుకి లాగితే ఆ గుంట కిందికి దిగుతుంది. నేను 90 సెంటీమీటర్ల దగ్గర ఆగాను, అక్కడ లెక్క ప్రకారం 95 హెర్ట్జ్. గోడకి అంటిస్తే గుంట 250 చుట్టుపక్కలకి ఎక్కుతుంది, అక్కడ పెట్టె వెనక శబ్దాన్ని పీల్చే మందపాటి ప్యానెల్ పెట్టి దాన్ని అణచొచ్చు, పెరిగిన బాస్‌ని ఈక్వలైజర్‌తో (ఏ స్వరాలని ఎంత పెంచాలో తగ్గించాలో విడివిడిగా చెప్పే సాధనం) తగ్గించుకోవచ్చు. చిన్న గదుల్లో ఈ రెండోదే నయం. వెనక చిల్లు ఉన్న స్పీకర్లయితే మాత్రం చిల్లుకి కాస్త ఊపిరి వదలండి. ఇంకొకటి, వూఫర్ (స్పీకర్లో కింది స్వరాలు పలికే పెద్ద కోను) నుంచి నేలకీ, పక్క గోడకీ, దాని వెనకున్న గోడకీ ఉన్న మూడు దూరాలూ ఒకటే కాకుండా చూసుకోవాలి. ఒకటే అయితే మూడు గుంటలూ ఒకే చోట పడి గొయ్యి అవుతుంది.

రెండు స్పీకర్ల మధ్య దూరం, వాటికీ మీకూ మధ్య దూరం దాదాపు సమానంగా ఉంటే చాలు. మాకు 1.9, 2.2. పక్క గోడలకి రెండూ సమాన దూరంలో ఉండాలి, ఇది మాత్రం రాజీ లేనిది. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఖాళీ వరండా ఉంటే పాట ఒక పక్కకి ఒరుగుతుంది. స్పీకర్లని మీ వైపు ఎంత తిప్పాలన్నది ఐదు నిమిషాల పని, గాయకుడి గొంతు రెంటి మధ్య గాల్లో వేలాడేదాకా తిప్పండి, అంతే.

సబ్‌వూఫర్, అంటే కింది స్వరాలకే విడిగా ఉండే స్పీకర్, ఉన్నవాళ్లు దాన్ని తెచ్చి సోఫాలో, మీరు కూర్చునే చోట పెట్టండి. నవ్వకండి. బాస్ నడిచే పాట పెట్టి మీరు గోడల వెంబడి నేల మీద పాకండి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా వినపడితే అక్కడ సబ్‌వూఫర్ పెట్టండి. స్పీకరూ చెవీ చోట్లు మార్చుకున్నా కింది స్వరాలకి ఆ దారి అదే. ఈ పని ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెయ్యడం మంచిది.

ఇంత జరిపాక గానీ గోడల వంక చూడకూడదు. నేను అప్పటికి ఫోమ్ మొత్తం పీకేశాను, పీకితే గోడ రంగు కూడా ఊడొచ్చింది, అది వేరే గొడవ.

పక్క గోడల మీద స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మొదటిసారి తగిలి మీ చెవికి చేరే చోటు ఏదో తెలియాలంటే అద్దం కావాలి. మా అబ్బాయికి చేతి అద్దం ఇచ్చి గోడ మీద ఆనించి జరుపుతూ రమ్మన్నాను, నేను సోఫాలో కదలకుండా కూర్చున్నాను. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనపడితే అదే చోటు. "నాన్నా, చెయ్యి లాగుతోంది." "ఇంకొంచెం ముందుకి రారా... ఆగు, అక్కడే, పెన్సిల్‌తో గీత పెట్టు." ఎడమ గోడ, కుడి గోడ అయ్యాక వాడికి ఉత్సాహం వచ్చి టీపాయ్ మీద అద్దం పెట్టాడు. అందులోనూ స్పీకర్ కనపడింది! సోఫా ముందున్న గాజు టీపాయ్ పలకలోంచి సగం ట్రెబుల్ (పైస్వరాలు) తిన్నగా నా మొహానికి కొడుతోందని నాకు ఆ రోజు దాకా తెలియదు. దాన్ని పక్కకి జరపడానికి రెండు చేతులూ అర నిమిషమూ చాలాయి, ఆ మూడు గోడల ఫోమ్ కన్నా ఎక్కువ తేడా అదే చేసింది.

మరి ఆ గీతలు పెట్టిన చోట ప్యానెళ్లు పెట్టాలా? ఇక్కడ చాలామందికీ నాకూ పడదు. పెట్టి తీరాలంటారు. పక్క గోడ నుంచి మా ఇంట్లో తిరుగు శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. హెల్ముట్ హాస్ 1949లో జర్మనీలోని గటింగెన్ యూనివర్సిటీలో సమర్పించిన పరిశోధనలో తేల్చిందేమిటంటే, సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వెనకే వచ్చే శబ్దాన్ని మన మెదడు వేరే ప్రతిధ్వనిగా వినదు, మొదటిదాంట్లోనే కలిపేసుకుంటుంది, శబ్దం వచ్చిన దిక్కు మాత్రం మొదటిదాన్నే నమ్ముతుంది. స్పీకర్ల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్ వాదన కూడా పక్క గోడల శబ్దం సరదాగా పాటలు వినేవాళ్లకి శత్రువేమీ కాదని, స్పీకర్ పక్కకి వదిలే శబ్దం కూడా ముందుకి వదిలే శబ్దంలాగే సాఫీగా ఉంటే అది పాటకి వెడల్పునిస్తుందని. నేను పెట్టి విన్నాను, తీసి విన్నాను. ప్యానెళ్లు ఉన్నప్పుడు గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో గీత గీసినట్టు తెలుస్తోంది, కానీ కచేరీ అంతా రెండు స్పీకర్ల మధ్యకి ముడుచుకుపోయింది. తీసేస్తే గోడలు వెనక్కి జరిగినట్టు విశాలంగా ఉంది. రికార్డింగులో తప్పులు పట్టే పని మీదైతే పెట్టుకోండి. నేను సాయంత్రం పూట పాటలు వినే మనిషిని, తీసేశాను.

గది మొత్తం బట్ట చుట్టేసి చంపెయ్యడం మీద నాకున్న కోపం ఇక్కడిదే. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలు కొత్తగా కట్టినప్పుడు మాట్లాడిన మాట ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేదట, పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. బాగుచెయ్యమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు మేష్టారికి అప్పగించారు. ఆయన పక్కనే ఉన్న సాండర్స్ థియేటర్లోంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి హాల్లో పరిచి, ఆర్గాన్ పైపు ఊదించి శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో చెవితో విని కొలిచేవాడు, తెల్లారేసరికి మెత్తలన్నీ తిరిగి చేర్చేవాడు. గది ఎంత పెద్దది, దాంట్లో ఎంత పీల్చుకునే వస్తువుంది అన్న రెంటి మీదే మోగే సమయం ఆధారపడుతుందన్న సూత్రం ఆ మెత్తల మోతలోంచే వచ్చింది, 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కలతోనే కట్టారు. మన ఫోమ్ వీరులు మర్చిపోయేదేమిటంటే, ఆయన మొదట ఊదించిన పైపు 512 హెర్ట్జ్‌ది. ఆ మెత్తలు ఆ స్వరాన్ని మింగినంత మాత్రాన 50 హెర్ట్జ్‌నీ మింగుతాయని కాదు. సబైనే తర్వాత కింద 64 నుంచి పైన 4,096 దాకా విడివిడిగా కొలుచుకుంటూ వెళ్లాడు, ఒకే వస్తువు ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా పీలుస్తుందని తేలింది. ఇళ్లలో ఇప్పటికే సోఫాలు, కర్టెన్లు, తివాచీలు, మనుషులు ఉన్నారు. పైస్వరాలని మింగేవాళ్లకి కొదవ లేదు, కొదవంతా కింది స్వరాలకే.

అందుకని నేను కట్టింది నాలుగే ప్యానెళ్లు. రాక్‌వూల్ పలకలు, 10 సెంటీమీటర్ల మందం, చెక్క చట్రం, పైన బట్ట. బట్ట ఎంచుకోవడానికి పరీక్ష ఒకటే, నోటికి అడ్డం పెట్టుకుని ఊదితే అవతలికి గాలి హాయిగా రావాలి. రెక్సిన్‌లాంటిదైతే పైస్వరాలు దాని మీదే తగిలి వెనక్కొచ్చేస్తాయి. రెండు ప్యానెళ్లు ముందు గోడ మూలల్లో ఐమూలగా, నేల నుంచి పైకప్పు దాకా. మూలలెందుకంటే అన్ని అలలూ అక్కడే గుమికూడతాయి, పైగా ఐమూలగా పెడితే వెనక బోలెడు గాలి ఖాళీ ఉచితంగా వస్తుంది. మిగతా రెండూ నా వెనక గోడకి, అయితే గోడకి ఆనించకుండా ఇంకో 10 సెంటీమీటర్లు వదిలి. ఆ ఖాళీ వల్ల అదే పలక ఇంకా కింది స్వరాలదాకా పని చేస్తుంది, ఇందాకటి పావు వంతు లెక్కే. రాక్‌వూల్ కోసేటప్పుడు చేతులకి తొడుగులు, ముక్కుకి మాస్కు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, రెండు రోజులు గోక్కున్నాను.

చప్పట్లు కొడితే జివ్వుమని తీగలాగిన చప్పుడు వస్తే అది ఎదురెదురు ఖాళీ గోడల మధ్య శబ్దం బంతాట ఆడటం. దానికి ఒక గోడ చాలు, పుస్తకాల బీరువా పెట్టేసి వదిలెయ్యండి. లోతూ ఎత్తూ సమానంగా లేని పుస్తకాలు ఇంకా మంచివి. కాకపోతే ఒక సంగతి, చప్పట్లు కొట్టాల్సింది స్పీకర్లున్న చోట ఇంకొకరు, వినాల్సింది సోఫాలో మీరు. మీ చేతులు స్పీకర్లు కావు కదా.

ఇదంతా చెవులతోనే చేశావా అంటారు కొందరు. మొదట చెవులతోనే. తర్వాత కొలిచే మైకు ఒకటి కొన్నాను, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. సోఫా పాత చోట పెట్టి కొలిస్తే 41 దగ్గర 12 డెసిబెళ్ల కొండ. కొత్త చోట అది 6కి దిగింది, అంటే సగం పని తోపుడే చేసింది. ప్యానెళ్లు 41ని దాదాపు ఏమీ చెయ్యలేకపోయాయి, నిజం చెప్పాలి. అవి 80 పైన ఉన్న స్వరాలు ఈడ్చుకుంటూ మోగడాన్ని మాత్రం బాగా తగ్గించాయి, ఇప్పుడు ఒక స్వరం ఆగాకే ఇంకోటి మొదలవుతుంది. మిగిలిన 6 డెసిబెళ్ల కొండని ఈక్వలైజర్‌తో చెక్కేశాను. అలాగని జరపడం మానేసి మొత్తం ఈక్వలైజర్ మీదే వేసేవాళ్లతో నాకు తగాదా ఉంది. కొండని చెక్కొచ్చు గానీ గొయ్యిని పూడ్చలేం. రెండు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్న చోట మీరు శబ్దం పెంచితే రెండూ పెరుగుతాయి, మళ్లీ కొట్టేసుకుంటాయి. ఆంప్లిఫయర్ చెమటలు కక్కడం తప్ప ఒరిగేదేం లేదు. గొయ్యికి మందు జరగడమే.

మా హాల్లో ఎత్తు వల్ల వచ్చే 57 హెర్ట్జ్ గొయ్యి ఇంకా అలాగే ఉంది. కూర్చుంటే నా చెవి నేలకీ పైకప్పుకీ మధ్య సగానికి కాస్త కింద ఉంటుంది, అక్కడ ఆ అల బాగా బలహీనం. దాన్ని తప్పించుకోవాలంటే నేల మీద పడుకుని వినాలి, లేదా బల్లెక్కి నిలబడాలి. ఒకసారి పడుకుని విన్నాను, బాగానే ఉంది, నిద్ర పట్టింది.

స్పీకర్ల చుట్టూ నేల మీద మాస్కింగ్ టేపుతో గీతలు పెట్టుకున్నాను, ఎవరైనా కదిపినా మళ్లీ అదే చోట పెట్టడానికి. మొన్న తడిగుడ్డ పెట్టినప్పుడు అవి ఊడిపోయాయి. నేను ఇంటికొచ్చేసరికి స్పీకర్లు ఎవరి చోట అవి నిలబడ్డట్టే ఉన్నాయి, పాట పెట్టాను. మెట్లు దిగే ఆ బాస్ గిటారు ఇదివరకెప్పుడూ లేనంత తేటగా ఉంది, నాలుగో మెట్టు మీద వేలు తీగకి రాసుకున్న చప్పుడు కూడా వినపడింది. కొలిచే టేపు తెచ్చి చూశాను. రెండు స్పీకర్లూ 7 సెంటీమీటర్లు వెనక్కి జరిగి ఉన్నాయి. తుడిచిన మా ఆవిడని అడిగితే "నాకేం తెలుసు, గోడకి సమానంగా పెట్టాను" అంది. కొత్త గీతలు అక్కడే వేశాను.